నడి చలికాలంలో స్విట్జర్లాండ్: ముందే ఖాయం చేసుకోవాల్సినవి, చివరిదాకా ఆపుకోవాల్సినవి

ఎండాకాలానికి వేసిన స్విట్జర్లాండ్ ప్లాన్‌ను తేదీలు మార్చి జనవరికి వాడుకుందామంటే కుదరదు. డిసెంబరు చివర్లో అక్కడ ఉదయం 8 దాటాకే పొద్దు పొడుస్తుంది, సాయంత్రం 5 కాకముందే కుంకుతుంది. లాటర్‌బ్రున్నెన్ లాంటి ఇరుకు లోయల్లో కొండల నీడ పడి ఎండ తగిలేది ఇంకా తక్కువసేపు. అంటే రోజుకి ఒక్క పెద్ద పనే పెట్టుకోవాలి. వీసా, బస, దూరపు రైళ్లు ముందుగానే తేల్చేసుకోండి. కొండ శిఖరానికి ఏ రోజు వెళ్లాలన్నది మాత్రం ఆ రోజు పొద్దున వాతావరణం చూసేదాకా తేల్చకండి. చలికాలపు ప్రయాణంలో డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఈ రెండోది పాటించకపోవడం వల్లే.

ఏ వారం?

క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా గదుల ధరలు తారాస్థాయిలో ఉంటాయి. ఫిబ్రవరిలో బడులకు స్కీయింగ్ సెలవులు ఇస్తారు. ఒక్కో కాంటన్‌లో (అంటే రాష్ట్రంలో) ఒక్కో వారం కాబట్టి ఆ నెలంతా కొండ ఊళ్లలో రద్దీయే. ఈ రెండింటి మధ్య, జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా, మంచు బాగా పడి ఉంటుంది, జనం పలచబడతారు. వీలుంటే ఆ రోజులే ఎంచుకోండి. డిసెంబరు మొదట్లో చవకగా దొరుకుతుంది గానీ దిగువ ఊళ్లలో మంచు ఉంటుందన్న నమ్మకం లేదు, గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటక రైలు కూడా శరదృతువు విరామం తర్వాత అప్పటికింకా మొదలై ఉండకపోవచ్చు.

క్రిస్మస్‌కే వెళ్లాలనుకుంటే డిసెంబరు 25, జనవరి 1 తేదీల్లోనూ, చాలా కాంటన్లలో డిసెంబరు 26, జనవరి 2న కూడా దుకాణాలు మూసి ఉంటాయని గుర్తుంచుకోండి. ఆదివారాలూ చాలాచోట్ల అంతే. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లను రద్దీ వారాల్లో శనివారం నుంచి శనివారం దాకా లెక్కన ఇస్తారు. విమానం టికెట్లు కొనేముందే ఆ సంగతి చూసుకోవాలి.

షెంగెన్ వీసా (స్విట్జర్లాండ్‌తో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే వీసా) కావలసినవాళ్లు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల ముందు దాకా గడువు. ఆఖరిదాకా ఆగకండి. వీసా కోసం వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా చూపించాలి. అయితే ఆ కనీస పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్, స్లెడ్జి వర్తించవు. హెలికాప్టర్‌తో రక్షించడం, గుర్తులు పెట్టిన దారి దాటి వెళ్లడం, ఈ రెంటి గురించీ పాలసీలో ఏం రాశారో చదివి, కావాలంటే అదనపు కవర్ కొనుక్కోండి.

బస ఎక్కడ

ఊరు ఎంచుకునేటప్పుడు ముందు దాని ఎత్తు చూడండి. ఇంటర్లాకెన్ సుమారు 570 మీటర్ల ఎత్తులో ఉంది. రైళ్లు కలిసే చోటుగా బాగుంటుంది గానీ, అక్కడ పైన మంచు పడుతున్న రోజున కూడా కింద వాన కురవవచ్చు. కిటికీ తీస్తే మంచు కనపడాలంటే ఇంకా పైకి వెళ్లాలి: వెంగెన్ 1,274 మీటర్లు, జెర్మాట్ 1,608, మ్యూరెన్ 1,638. ఈ మూడు ఊళ్లలోకీ కార్లను రానివ్వరు, రైల్లోనో కేబుల్ కారులోనో చేరుకోవాలి. అందుకే మనిషికి ఒక్క సూట్‌కేసుతో సరిపెట్టుకోండి. స్టేషన్‌కి బండి పంపుతారేమో హోటల్‌ని ముందే అడగండి, మంచులో చక్రాల పెట్టె లాగడం చాలా కష్టం.

ఏడు రాత్రులకు రెండు బసలు చాలు. వెంగెన్‌లో నాలుగు రాత్రులు ఉండి, స్పీట్స్, విస్ప్ మీదుగా జెర్మాట్ వెళ్తే ఆ ప్రయాణానికి సుమారు మూడు గంటలు పడుతుంది. మూడో ఊరు కలిపారంటే ఉన్న కాస్త వెలుగూ రైళ్లలోనే గడిచిపోతుంది.

చలికాలంలో మూసేవి

పిలాటుస్ కొండ ఎక్కే పళ్ల చక్రాల రైలు చలికాలంలో నడవదు, క్రీన్స్ వైపు నుంచి కేబుల్ కారులో ఎక్కాలి. షీనిగె ప్లాట్టె, స్టాన్సర్‌హార్న్, బ్రియెన్స్ రోట్‌హార్న్ ఆవిరి రైలు, ఈ కొండలకి వెళ్లే బళ్లన్నీ వసంతం దాకా బంద్. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమల రోడ్లు కూడా మూసేస్తారు. ఫుర్కా కింద మాత్రం రియాల్ప్, ఓబర్వాల్డ్ మధ్య సొరంగంలో కార్లను రైలు మీద ఎక్కించి దాటిస్తారు. యుంగ్‌ఫ్రావ్‌యోక్, గోర్నర్‌గ్రాట్, టిట్లిస్, రిగి కొండలకి వెళ్లే బళ్లు చలికాలంలోనూ నడుస్తాయి.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్‌లకు రైలు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ డబ్బులు విడిగా కట్టాలి. బెర్నినా మార్గంలో అదే పట్టాల మీద మామూలు ప్రాంతీయ రైళ్లు కూడా తిరుగుతాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. నచ్చిన స్టేషన్‌లో దిగి తర్వాతి బండి ఎక్కొచ్చు. 2,253 మీటర్ల ఎత్తున్న ఓస్పిట్సియో బెర్నినా దగ్గర గడ్డకట్టిన తెల్లని సరస్సు పక్కగా సాగే ప్రయాణానికి మామూలు రైలే మేలు.

పాస్ లెక్క

రైళ్లలో ఎన్నిసార్లైనా తిరగడానికి ఇచ్చే స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది, అవి వరుస రోజులు. చిక్కంతా ఇక్కడే: ఒకే ఊళ్లో మూడు రోజులు స్కీయింగ్ నేర్చుకుంటూ కూర్చుంటే ఆ మూడు రోజుల పాస్ డబ్బులూ పోయినట్టే. పైగా పాస్‌లో ఉచితంగా వచ్చే కొండల్లో స్టాన్సర్‌హార్న్ చలికాలంలో మూసే ఉంటుంది, మిగిలేవి రిగి, ష్టోస్. యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి ఈ పాస్ మీద తగ్గేది పావు వంతే. నెల రోజులు చెల్లే హాఫ్ ఫేర్ కార్డు ఉంటే అక్కడ సగం ధరకి వెళ్లిరావొచ్చు.

కాబట్టి కాగితం మీద ఇలా లెక్క వేయండి. స్విస్ రైల్వే ఆప్‌లో మీ ప్రయాణాలన్నిటి పూర్తి ధర చూసి కూడండి, వెళ్లాలనుకునే కొండల ధరలు దానికి కలపండి. మొత్తాన్ని సగం చేసి హాఫ్ ఫేర్ కార్డు ధర కలిపితే ఒక అంకె వస్తుంది. పాస్ ధరకి, పాస్ చూపించాక కూడా కొండల మీద కట్టాల్సింది కలిపితే రెండో అంకె. రెండు బసల్లో నిదానంగా గడిపేవాళ్లకి చాలాసార్లు మొదటి అంకే తక్కువ వస్తుంది, రోజూ ఊరు మారేవాళ్లకి పాస్ గిట్టుబాటవుతుంది. 6 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు తప్పక అడగండి. అమ్మో నాన్నో వెంట ఉంటే వాళ్లు రైళ్లలో ఉచితంగా ప్రయాణిస్తారు.

కొండెక్కే రోజు ఏదో పొద్దునే తేల్చాలి

చలికాలంలో దిగువ ప్రాంతాల మీద చల్లగాలి పేరుకుపోయి పొగమంచు రోజుల తరబడి కమ్ముకుంటుంది. దాని పైఅంచు చాలాసార్లు 700 నుంచి 1,000 మీటర్ల మధ్య ఉంటుంది. కింద బూడిదరంగు ఆకాశం చూసి నిరాశపడి గదిలో కూర్చుంటారు గానీ, అదే సమయంలో పైన కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ కాస్తూ ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, మేఘం శిఖరం మీదే కూర్చున్న రోజున 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రావ్‌యోక్ దాకా ఎక్కినా తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు.

అందుకే తెల్లవారగానే మూడు చూడండి. శిఖరం మీద వెబ్‌క్యామ్, సగం ఎత్తులో ఉన్న స్టేషన్ వెబ్‌క్యామ్, ఆపైన కేబుల్ కార్లు నడుస్తున్నాయా అన్న సమాచారం. మూడోది చాలామంది మర్చిపోతారు. దక్షిణం నుంచి ఫ్యోన్ (Föhn) అనే వెచ్చని పెనుగాలి వీచినప్పుడు ఆకాశం నిర్మలంగానే ఉంటుంది గానీ కేబుల్ కార్లు ఆపేస్తారు. శిఖరాలు మూసుకున్న రోజున బెర్న్ పాతపట్నానికో, లెమాన్ సరస్సు ఒడ్డున చిలోన్ కోటకో వెళ్లండి.

పై స్టేషన్లకి వచ్చిన మొదటి రోజే ఎక్కేయకండి. యుంగ్‌ఫ్రావ్‌యోక్ దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానికి దాదాపు మూడింట రెండు వంతులే. మెట్లు మెల్లగా ఎక్కండి, నీళ్లు తాగుతూ ఉండండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాలి. తలనొప్పి, వాంతి మొదలైతే కిందికి దిగడమే మందు.

బట్టలు

లోపల ఉన్ని లేదా సింథటిక్ బనియన్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ నీళ్లూ చొరని జాకెట్. నూలు బట్ట చెమట పీల్చుకుని ఆరదు, ఆగిన ఐదు నిమిషాల్లో వణుకు పుట్టిస్తుంది. మేజోళ్లు రెండు జతలు తొడిగితే బూటు బిగుసుకుని రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, మందపాటి ఉన్ని జత ఒక్కటి చాలు. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. కాబట్టి నల్ల కళ్లద్దాలు అందరికీ, పిల్లలకి కూడా, ఉండాల్సిందే. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు అడుగునా పట్టించాలి. ఫోన్ లోపలి జేబులో ఉంచుకోండి, చలికి బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది. కరెంటుకి సన్నటి రెండు పుల్లల ప్లగ్ అక్కడి సాకెట్లలో పడుతుంది, లావు గుండ్రటి ప్లగ్ పట్టదు.

మంచు మీద ఆట

మొదటిసారి స్కీయింగ్ చేసేవాళ్లు మొత్తం ప్రాంతానికి పాస్ కొనొద్దు. నేర్చుకునే చోటికి మాత్రమే విడి టికెట్టు ఉంటుందేమో అడగండి. అద్దె బూటు తొడిగాక నిటారుగా నిలబడితే బొటనవేలు ముందుకు తాకీతాకనట్టు ఉండాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మడమ పైకి లేస్తే బూటు వదులు, మార్చమనండి.

స్కీలు వద్దనుకుంటే స్లెడ్జి ఉంది. ప్రెడా నుంచి బెర్గ్యున్‌కి 6 కిలోమీటర్ల రోడ్డును చలికాలంలో వాహనాలకి మూసి స్లెడ్జిలకి ఇస్తారు, మళ్లీ పైకి రైల్లో వెళ్లొచ్చు. కూర్చుని రెండు పాదాలూ చెరో పక్కన ఉంచాలి. ఎడమకి తిరగాలంటే ఎడమ పాదం మంచుకి ఆనించి, అదే పక్క తాడు లాగాలి. ఆగాలంటే రెండు పాదాలూ నిండుగా ఆనించి, స్లెడ్జి ముందుభాగం పైకి లాగాలి. మలుపులోకి వెళ్లాక కాకుండా మలుపుకి ముందే వేగం తగ్గించండి. హెల్మెట్ తప్పనిసరిగా పెట్టుకోండి, చీలమండ పైదాకా పట్టే బూట్లు వేసుకోండి.

నడిచేవాళ్లు గులాబీరంగు గుర్తులున్న చలికాలపు బాటలు వదలొద్దు. హిమపాతం (కొండవాలు మీంచి మంచు జారిపడడం) ప్రమాదాన్ని దావోస్‌లోని ఎస్ఎల్ఎఫ్ అనే మంచు, హిమపాత పరిశోధన సంస్థ చలికాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు 1 నుంచి 5 అంకెల్లో ప్రకటిస్తుంది. 3 అంటే మధ్యలో ఉందిగా అనుకోకండి, హిమపాత మరణాల్లో పెద్ద వాటా ఆ అంకె ఉన్న రోజుల్లోనే జరుగుతోంది. ఆపద వస్తే 112, అంబులెన్స్‌కి 144, రెగా అనే రక్షణ సంస్థ హెలికాప్టర్‌కి 1414.

ఇక తిరుగు ప్రయాణం. విమానం ఎక్కే రోజు పొద్దున కొండ మీంచి దిగేలా ప్లాన్ చేయకండి. 2018 జనవరిలో భారీ మంచు వల్ల జెర్మాట్‌కి రోడ్డూ రైలూ రెండూ తెగిపోయి దాదాపు 13,000 మంది పర్యాటకులు చిక్కుకుపోయారు. ఆఖరి రాత్రి గది జూరిక్‌లోనో జెనీవాలోనో తీసుకోండి, విమానాశ్రయానికి రైలు నేరుగా వెళ్లే చోట.