కిత్తనార పిప్పి నుంచి బ్యూటనాల్: పులియబెట్టడంలో వచ్చే చిక్కులు

అనంతపురం జిల్లాలో చేలగట్ల మీద కంచెగా నిలిచే కిత్తనారకు దగ్గరి చుట్టమైన మొక్క నుంచే మెక్సికోలో టెకీలా అనే మద్యం తీస్తారు. గడ్డను ఉడికించి రసం పిండగా మిగిలిన పిప్పిని ఆమ్లంతోనూ ఎంజైములతోనూ చక్కెరగా మార్చి, క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాతో పులియబెడితే అసిటోన్, బ్యూటనాల్, ఇథనాల్ అనే ద్రావకాలు సుమారు 3:6:1 నిష్పత్తిలో వస్తాయి. మన కంచె మొక్క పిప్పితో ఈ పని మొదలుపెట్టేవారు తొలి వైఫల్యానికి బ్యాక్టీరియాను నిందిస్తారు గాని, తప్పు చాలాసార్లు అంతకుముందు పిప్పిని ఉడికించిన తీరులోనే ఉంటుంది.

సమస్య: చక్కెర ఉందని పరీక్షలో తేలినా, 24 గంటలు గడిచినా బుడగ రాదు.

కారణం: అదే తోడును (పులియబెట్టడానికి వేసే బ్యాక్టీరియాను) శుద్ధమైన గ్లూకోజు ద్రావణంలో వేసి చూడండి. అక్కడ పొంగితే తోడు మంచిదే, ద్రావణమే చెడ్డది. పిప్పిని ఆమ్లంలో అతిగా ఉడికించినప్పుడు లిగ్నిన్ (మొక్క నారను గట్టిపరిచే పదార్థం) నుంచి విడివడే ఫినాలిక్ పదార్థాలు ఈ బ్యాక్టీరియాను అణచివేస్తాయి. ఆమ్లంలో చక్కెర చెడి పుట్టే, చాలామంది భయపడే ఫర్‌ఫ్యూరాల్ కన్నా వీటివల్లనే ఎక్కువ హాని.

పరిష్కారం: ఉడికే సమయం తగ్గించాలి. ఉడికించడానికి వాడిన గంధకామ్లం పులుపును కాస్టిక్ సోడాతో విరిచితే ఏర్పడే లవణం ద్రావణంలోనే నిలిచి బ్యాక్టీరియాను బాధిస్తుంది కనుక, సున్నంతో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10 వరకు పెంచి, అడుగున దిగిన జిప్సంను వడకట్టి, మళ్లీ 6.5కు దించడం మేలు. రంగు ఇంకా ముదురుగా ఉంటే ఉత్తేజిత బొగ్గుతో వడకట్టాలి.

సమస్య: వాయువు బాగా వస్తుంది, ముక్కిన వెన్న వాసన వేస్తుంది, కానీ బ్యూటనాల్ లేదు.

కారణం: బ్యూటిరిక్, అసిటిక్ ఆమ్లాలు త్వరగా పేరుకుని, ముందు ఆమ్లాలు చేసే దశ నుంచి ద్రావకాలు చేసే దశకు మారకముందే బ్యాక్టీరియా ఆగిపోయింది.

పరిష్కారం: ఆరంభంలోనే కాల్షియం కార్బొనేట్ కలిపి పీహెచ్ 5 కన్నా బాగా దిగకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో గది వేడి 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో పాత్రను నీటితొట్టిలో ఉంచి 35–37 డిగ్రీల వద్ద నిలపాలి. వచ్చే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది. దగ్గర దీపం, బీడీ ఉండరాదు.

సమస్య: పుల్లని మజ్జిగ వాసన వస్తుంది.

కారణం, పరిష్కారం: లాక్టిక్ బ్యాక్టీరియా చొరబడింది. ఆ విడత పారబోసి, పాత్రను ఆవిరితో శుద్ధిచేసి, నైట్రోజన్‌తో గాలిని తరిమి కొత్తగా మొదలుపెట్టాలి.

సమస్య: లీటరుకు 12–13 గ్రాముల బ్యూటనాల్ వద్ద పని ఆగిపోతుంది.

కారణం, పరిష్కారం: ఇది లోపం కాదు; తాను చేసిన బ్యూటనాలే బ్యాక్టీరియాకు విషమవుతుంది. పాత్రలో పుట్టిన వాయువునే మళ్లీ ద్రావణంలోకి పంపి, బయటికి వచ్చే ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే, మిగిలిన చక్కెర కూడా పులుస్తుంది.