నడుం నొప్పి ఉన్న స్త్రీలకు బరువుల వ్యాయామం: సమస్యలు, పరిష్కారాలు

మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల నడుమ భాగం మొద్దుబారినా వ్యాయామం ఊసెత్తకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కాలు పట్టు తప్పుతున్నా, జ్వరం తోడైనా, కారణం లేకుండా ఒళ్ళు తగ్గిపోతున్నా, కిందపడిన తరువాత నొప్పి మొదలైనా ముందు డాక్టరు చూడాలి. అయితే నడుం నొప్పుల్లో పదింట సుమారు తొమ్మిదింటికి ఫలానా జబ్బే కారణమని వేలు పెట్టి చూపలేం. దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం చేయించాలనీ, నడుం బెల్టును మామూలు చికిత్సగా వాడవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది. అయినా మన ఇళ్ళలోకి మొదట వచ్చేది బెల్టే.

సమస్య: బియ్యం సంచి ఎత్తినా, డంబెల్ పట్టుకుని వంగినా నడుం మధ్యలో పోటు వస్తోంది.

కారణం: తుంటి కీలు దగ్గర వంగవలసినవారు నడుం దగ్గర వంగుతున్నారు.

పరిష్కారం: బరువు పక్కన పెట్టి మాప్ కర్ర తీసుకోండి. అది తల వెనుక, భుజాల నడుమ, పిరుదుల మీది ఎముక దగ్గర, మూడు చోట్లా తాకేలా వీపు వెంట నిలువుగా పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా మడిచి, రెండు చేతుల్లో గిన్నెలున్నప్పుడు వంటింటి తలుపును వెనుక నుంచి నెట్టి మూసినట్లు తుంటిని వెనక్కి జరపాలి. మూడింటిలో ఏ ఒక్క చోటైనా కర్ర తాకడం మానితే అక్కడే ఆగాలి. ఆ రోజుకు మీ లోతు అంతే. అది కుదిరిన తరువాత 5 కిలోల బరువును స్టూలు మీద నుంచి, ఇంకొన్ని వారాలకు నేల మీద నుంచి ఎత్తవచ్చు. 14.2 కిలోల గ్యాసున్న సిలిండరు ఇనుముతో కలిపి 30 కిలోలకు దగ్గరగా తూగుతుంది. దానిని ఏ సాధనా లేకుండా ఈడ్చే మనిషిని పట్టుకుని “ఆడవాళ్ళకు బరువులెందుకు” అనడం వింతగా ఉంటుంది.

సమస్య: మర్నాడు నొప్పి పెరిగింది.

కారణం రెండు విధాలు. పిరుదులు, తొడలు రెండు మూడు రోజులు సలపడం కొత్త పనికి కండరాలు ఇచ్చే జవాబు మాత్రమే. పాత నొప్పే పెరిగితే మోతాదు ఎక్కువైందని అర్థం. సున్నా నుంచి పది వరకు లెక్క వేసుకున్నప్పుడు వ్యాయామంలో నొప్పి మూడు నాలుగు దాటకుండా, 24 గంటల్లో మునుపటి స్థాయికి దిగితే కొనసాగించవచ్చు. దిగకపోతే బరువూ, సార్లూ సగానికి తగ్గించాలి గానీ పూర్తిగా మానకూడదు.

సమస్య: గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి తుంటిని పైకి లేపే వ్యాయామం) చేస్తుంటే పిరుదులకు బదులు నడుమే బిగుస్తోంది. తుంటిని అవసరానికి మించి పైకి లేపడమే ఇందుకు కారణం. భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఒకే గీతలోకి రాగానే ఆపండి. తొడ వెనుక పట్టేస్తుంటే మడమలను దగ్గరికి తెచ్చుకోండి.

సమస్య: బరువెత్తగానే మూత్రం చుక్కలు పడుతున్నాయి, పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బుతోంది. కాన్పు అయినవారిలో ఇది తరచుగా కనిపించేదే. అడిగితే తప్ప చెప్పరు. ఊపిరి బిగబట్టి ముక్కడం వల్ల ఒత్తిడంతా బలహీనపడిన కటి కండరాల (మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాల) మీద పడుతుంది. బరువు తగ్గించి, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి; కటి కండరాల వ్యాయామాలు తెలిసిన ఫిజియోథెరపిస్టును కలవాలి. ఏళ్ళ నాటి నడుం నొప్పికి సిజేరియన్ నాటి మత్తు సూదే కారణమనే నమ్మకం బలంగా ఉంది గానీ, దానికి ఆధారం లేదు.

సమస్య: మూడు నెలలైనా మార్పు లేదు.

కారణం: మొదటి రోజు పట్టుకున్న కిలో డంబెల్ ఇంకా చేతిలోనే ఉంది. 12 సార్లు వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో సులువుగా చేయగలిగితే బరువు కొద్దిగా పెంచాలి. వారానికి రెండు రోజులు చాలు. ఆస్ట్రేలియాలో ఎముకలు పలచబడిన, ముట్లుడిగిన స్త్రీల చేత నిపుణుల సమక్షంలో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున 8 నెలలు భారీ బరువులతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును ఎత్తి నిలబడడం), స్క్వాట్ (బరువుతో గుంజీ) చేయించగా వెన్నెముక సాంద్రత మెరుగుపడిందని 2018లో ప్రచురించారు. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునేవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎక్కువ. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు ముందుగానే పలచబడతాయి కనుక, అటువంటివారు బరువులు పెంచే ముందు ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష చేయించుకోవాలి. ఎముకలు బోలుబారాయని తేలితే పడుకుని లేచి ముందుకు వంగే పొట్ట వ్యాయామాలు మానేసి, నిపుణుల కళ్ళ ముందే బరువెత్తాలి.