చలికాలంలో పెరటి కోడికి ఈకలు ఊడుతున్నాయా? ఇలా చేయండి

డిసెంబరు వచ్చేసరికి పెట్ట బోసిగా కనిపిస్తే జబ్బేమోనని టెన్షన్ పడి మందుల షాపుకి పరిగెత్తకండి. ముందు కోడిని చేతిలోకి తీసుకుని ఈకలు ఎక్కడ పోయాయో చూడండి, ఎందుకంటే అక్కడే కారణం తెలిసిపోతుంది.

తల, మెడ దగ్గర మొదలై వీపు, రొమ్ము, రెక్కల మీదుగా తోకదాకా రాలుతూ, వెనకే కొత్త ఈకలు ముళ్ళలా మొలుస్తుంటే అది ఏటా జరిగేదే. తోక మొదట్లో ఈకలు విరిగి చర్మం ఎర్రబడితే తోటి కోళ్ళు పొడుస్తున్నాయి. ముడ్డి చుట్టూ ఈకల మొదళ్ళలో తెల్లటి గుడ్ల గుత్తులుంటే పేలు. వీపు మాత్రమే బోసిగా ఉంటే పుంజు ఎక్కువగా తొక్కుతోందేమో గమనించండి.

ఈకలు మార్చుకునే కోడికి తిండే మందు. ఈకలో సుమారు 85 శాతం ప్రొటీనే కాబట్టి ఒక్క నూకలతో సరిపెట్టకుండా లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ళకి వేసేది), దానితోపాటు కాస్త ఎండుచేప పొడి, దొరికితే చెదలు పెట్టండి. వేరుశనగ చెక్క కూడా మంచిదే, కానీ బూజు పట్టింది మాత్రం అస్సలు వద్దు. రెండు మూడు నెలలు గుడ్లు ఆగిపోవచ్చు, పైగా వెలుతురు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి, మన దగ్గర ఈ రోజుల్లో పగటి వెలుతురు 11 గంటలే ఉంటుంది, అయినా బల్బు పెట్టి బలవంతంగా గుడ్లు పెట్టించకండి, పాపం దాని ఒంట్లో సత్తువంతా ఈకలకే పోతోంది. మొలిచే ఈకల్లో రక్తం ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి, అందుకే ఊరికే పట్టుకోవద్దు.

గూడు విషయంలో చాలామంది చేసే పొరపాటు టార్పాలిన్‌తో నాలుగువైపులా మూసేయడం, దాంతో తేమ, రెట్ట ఘాటు లోపలే ఉండిపోతాయి. ఆదిలాబాద్, అరకు లాంటి చోట్ల కూడా పెద్ద కోళ్ళకి చలికన్నా తేమే ఎక్కువ చేటు, రెట్ట ఘాటుకి కళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గాలి కొట్టే వైపు గోనెసంచి కట్టి, పైన గాలి పోయే సందు వదలండి. కింద మూడంగుళాల ఊక పోసి, రెండు రోజులకోసారి తిరగేసి, తడిసింది తీసేయండి. పేలు పోవడానికి పొడి మట్టి, బూడిద కలిపిన గుంట ఒకటి ఉంచండి, కోళ్ళే అందులో పొర్లుతాయి. మరీ ఎక్కువగా ఉంటే పశువైద్యుడిని అడిగి మందు వాడాలి.

ఇక పొడుచుకోవడం. ఇరుకు, తిండి దగ్గర తోపులాట, ఏ పనీ లేకపోవడం, ఇవే అసలు కారణాలు. గూట్లో కోడికి కనీసం రెండు చదరపు అడుగులు ఉండాలి. దాణా, నీళ్ళు రెండేసి చోట్ల పెట్టండి, తోటకూర కట్ట ఎత్తుగా వేలాడదీస్తే దాన్నే పొడుస్తూ కాలక్షేపం చేస్తాయి. రక్తం కనిపిస్తే మిగతావీ ఎగబడతాయి, కాబట్టి దెబ్బ తగిలినదాన్ని వెంటనే విడిగా గంప కింద పెట్టి, గాయం కడిగి పసుపు రాయండి. పొడిచే కోడిని కూడా మూడు నాలుగు రోజులు వేరుచేయండి, తిరిగొచ్చేసరికి దాని పెత్తనం కొంత తగ్గుతుంది. మానిన కోడిని గానీ కొత్తదాన్ని గానీ కలిపేటప్పుడు మధ్యలో వల కట్టి వారం రోజులు ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి, తర్వాత చీకటి పడ్డాక గూట్లో వదిలి, తెల్లారగానే వెళ్ళి చూడండి. ఒకటి రెండు పోట్లు మామూలే, రక్తం రానంతవరకు మధ్యలోకి వెళ్ళకండి.