పెరటి పూలను చూసి పూలగుడ్డల బొంత కుట్టుకోవడం ఎలా?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో తగ్గిపోయినా, నేలలో మిగిలిన ఆ తడితోనే మాఘమాసం నుంచి ఉగాది వరకు పెరట్లో ఎవరూ నాటని మొక్కలు పూస్తూ ఉంటాయి. ఎండ ముదరక ముందు దొరికే ఈ రోజులే బొంత కుట్టుకోవడానికి కూడా అనువైనవి. పూలగుడ్డల బొంత అందం చెడేది చాలావరకు కుట్టు వల్ల కాదు, రంగుల పొందిక కుదరకపోవడం వల్ల. ఆ పొందికను కలుపు తీయకుండా వదిలిన పెరటి మూల నేర్పినంత బాగా మరేదీ నేర్పదని నా నమ్మకం. అందుకే ఈ పనిని కత్తెరతో కాక, పెరట్లో కూర్చోవడంతో మొదలుపెట్టాలి.

ముందుగా పెరటిని చూడండి

నాలుగడుగుల మూల ఒకటి వదిలిపెట్టి, అక్కడ గడ్డి పీకకుండా వారానికి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే చాలు. వయ్యారిభామ మొక్క కనిపిస్తే మాత్రం, అది ఒంటికి దురదలు తెస్తుంది కాబట్టి, పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేర్లతో సహా తీసేయాలి. మిగిలినవాటిని ఉండనివ్వండి. గడ్డిచామంతి కోసం సీతాకోకచిలుకలు వస్తాయి.

ఉదయం ఎండ ఎక్కకముందే వెళ్లి దగ్గరగా వంగి చూడాలి. విష్ణుక్రాంతం పువ్వు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. నూగుతో బూడిదరంగు తేలిన ఆకుల మధ్య ఆ నీలిచుక్క ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. గడ్డిచామంతికి పొడవాటి కాడ చివర పసుపు బొడ్డు, దాని చుట్టూ ఎడంగా నాలుగైదు తెల్లని రేకులు, ఒక్కో రేకు కొసన చిన్న నొక్కులు ఉంటాయి. ఈ పూలు ఎంత స్పష్టంగా కనిపించినా, మీరు చూస్తున్న నేలలో వాటి వాటా చాలా తక్కువ. ఎక్కువ భాగం ఆకు, ఎండుగడ్డి, మట్టి. పువ్వుకు వెలుగు ఇచ్చేది ఆ ఖాళీయే. బొంతలోనూ కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద పూలకు ఇదే లెక్క పాటించాలి.

గుడ్డల ఎంపిక

నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బొంతకు 5 అంగుళాల చదరపు ముక్కలు 192 కావాలి. వీటిలో చిన్న పూల గుడ్డవి 96, ఆకుపచ్చ, బూడిద, మట్టి రంగుల సాదా గుడ్డవి 64, పెద్ద పూల గుడ్డవి 32 తీసుకోండి. గుడ్డ పన్నా 44 అంగుళాలు ఉంటే చిన్న పూలది 2 మీటర్లు, సాదాది ఒకటింబావు మీటరు, పెద్ద పూలది ఒక మీటరు సరిపోతాయి. చిన్న పూలంటే, ఉగాది రోజుల్లో ఊడ్చిన వాకిట్లో రాలిన వేపపూతలా దూరానికి చుక్కలుగా కనిపించేవి. అన్నీ నూలు గుడ్డలే కావాలి. పాలియెస్టరు కలిసిన గుడ్డ ఉతికితే నూలుతో సమానంగా కుదించుకుపోదు, చెమటనూ పీల్చదు.

కలంకారీ వాడాలనుకునేవారికి ఒక మాట. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనికి గుడ్డను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టి, ఇనుము, బెల్లం ఊరిన నల్లని ద్రవంతో గీతలు గీసి, పటికతో రంగులు పట్టిస్తారు. అంత శ్రమతో తయారైన గుడ్డను ముక్కలు చేయడం నాకు సమ్మతం కాదు. ఒక చిన్న పటం ఉంటే దానిని కత్తిరించకుండా నడుమ కుట్టుకోవచ్చు. ముక్కలకైతే కృష్ణా జిల్లా పెడనలో చెక్క అచ్చులతో అద్దే పూలగుడ్డ చక్కగా సరిపోతుంది.

కత్తిరించే ముందు ప్రతి గుడ్డనూ విడివిడిగా చన్నీళ్లలో నానబెట్టి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూడాలి. నేను కుట్టిన మొదటి బొంతలో ఈ పరీక్ష చేయకపోవడంతో, తొలి ఉతుకులోనే ఎర్రగుడ్డ రంగు దిగి చుట్టుపక్కల తెల్లముక్కలన్నీ గులాబీ రంగుకు మారిపోయాయి. రంగు వదిలే గుడ్డను నీళ్లు తేటపడేవరకు జాడించాలి. అప్పటికీ వదులుతుంటే పక్కన పెట్టేయాలి.

కత్తిరించి కలపడం

అట్టముక్కలో నాలుగున్నర అంగుళాల చదరపు కిటికీ కోసి పెద్ద పూల గుడ్డ మీద జరుపుతూ చూడండి. కుట్టులోకి పోయిన తర్వాత మిగిలే భాగం ఆ కిటికీలో కనిపించేదే. పువ్వు నిండుగా పడినచోట పెన్సిలుతో గుర్తు పెట్టి, చుట్టూ పావు అంగుళం వదిలి కత్తిరించాలి.

ముక్కలను వరుసకు 12 చొప్పున 16 వరుసలుగా నేలమీద పరచండి. రెండు పెద్ద పూల ముక్కలు పక్కపక్కన రాకూడదు. ఒక రోజంతా అలాగే ఉంచి, దూరం నుంచి చూస్తూ మార్చుకోవచ్చు. ఇక్కడ తొందర పనికిరాదు. తర్వాత పావు అంగుళం కుట్టుతో ముక్కలను వరుసలుగా కలిపి, ఒక వరుస కుట్లను కుడికి, తర్వాతి వరుసవి ఎడమకు మడిచి ఇస్త్రీ చేస్తే వరుసలు కలిపేటప్పుడు మూలలు సరిగ్గా కూర్చుంటాయి.

పొరలు, కుట్లు

లోపలి పొరకు పాత నేత చీరను మించినది లేదు. మా అవ్వ కొత్త గుడ్డను లోపల పెట్టనిచ్చేది కాదు. పలుమార్లు ఉతికి మెత్తబడిన చీరే ఒంటికి హితవు అనేది. అడుగు పొర కోసం మరో నూలు చీరలోంచి 76 అంగుళాల ముక్కలు రెండు తీసి నిలువుగా అతకాలి. అది పైపొరకంటే అన్ని వైపులా రెండు అంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించుకుని, నేలమీద బోర్లా పరిచి, దానిపై లోపలి పొర, ఆపై పూలముక్కల పొర వేసి, నడిమి నుంచి అంచులవైపు బెత్తెడు దూరంలో టాకాలు (పొరలు కదలకుండా పట్టి ఉంచే తాత్కాలిక కుట్లు) వేయండి. ఇలా వేస్తే ముడతలన్నీ బయటికి జారిపోతాయి.

ఆ తర్వాత జంటదారంతో, అంగుళానికి మూడు నాలుగు చొప్పున రన్నింగ్ కుట్టు వేయాలి. ఇదీ నడిమి నుంచే మొదలుకావాలి. పెద్ద పువ్వు వచ్చినచోట దాని రేకుల అంచు వెంబడి కుడితే ఆ పువ్వు ఉబ్బెత్తుగా లేస్తుంది. కుట్టు పూర్తయ్యాక పొరల అంచులు సమంగా కత్తిరించి, రెండున్నర అంగుళాల పట్టీని 22 అడుగుల పొడవున అతికి చుట్టూ మడిచి కుట్టాలి.

ఉతికేటప్పుడు కుంకుడుకాయ రసం వాడి, నీడనే ఆరవేయండి. నేరుగా పడే ఎండకు సహజరంగులు వెలిసిపోతాయి. ఎక్కడైనా కుట్టు తెగితే ఆలస్యం చేయకుండా అదే రంగు దారంతో మళ్లీ వేసుకోవాలి.