వెయిటర్లతో పుట్టినరోజు పాట పాడించాలంటే

విశాఖ బీచ్ రోడ్డులో భోజనానికి వెళ్లి, ఇంట్లోవాళ్ల పుట్టినరోజుకు వెయిటర్లతో పాట పాడించి ఆశ్చర్యపరచాలనుకుంటే, ముందురోజే ఫోను చేసి మేనేజరుతో మాట్లాడండి. ఆదివారం రాత్రి 8 దాటాక అడిగితే, రెండు చేతుల్లో వేడి పళ్లేలతో పరుగులు తీసేవాళ్లు పాపం ఎలా పాడతారు? 7 గంటలకే వెళ్లండి. పిలవాల్సిన పేరు చీటీ మీద తెలుగులో రాసివ్వండి. పెద్దావిడ అయితే ‘బామ్మగారు’ అని పిలవమనండి, ముఖం వెలిగిపోతుంది! సిగ్గరులకు మాత్రం ఈ సందడి వద్దు, కేకు చాలు. బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తే తీసేయమని అడగవచ్చు. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. ఆ డబ్బు నేరుగా పాడినవాళ్ల చేతికే ఇవ్వండి, బల్లలు తుడిచే కుర్రాడిని మరవకుండా.