తిరుపతిలో కూర్చుని మోటోజీపీ (బైక్ రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్) సీజన్ ఫాలో అవ్వాలంటే

ముందు టైమింగ్స్ పట్టుకోండి. వేసవిలో యూరప్ రేసు అక్కడ మధ్యాహ్నం 2కి మొదలైతే మనకు సాయంత్రం 5:30, అంటే ఆదివారం లీలామహల్ సర్కిల్ వైపు వెళ్లి టీ తాగొచ్చి హాయిగా కూర్చోవచ్చు.

చాలామంది చేసే తప్పు, శనివారం స్ప్రింట్ వదిలేయడం. 2023లో మొదలైన ఈ సగం దూరం రేసులో గెలిస్తే 12 పాయింట్లు, ఆదివారం అసలు రేసు గెలిస్తే 25, ఆ రేసులో 15వ స్థానం దాకా ఏదో ఒకటి దక్కుతుంది. 2024లో రైడర్ బన్యాయా 11 ఆదివారాలు గెలిచాడు, అతని ప్రత్యర్థి మార్టిన్ మూడే, అయినా 10 పాయింట్ల తేడాతో టైటిల్ మార్టిన్‌దే! కింద పడి పాయింట్లు పోగొట్టుకుంటే గెలుపులు కూడా కాపాడవు, అందుకే ఎవరు ఎన్నిసార్లు కింద పడ్డారో కూడా రాసుకోండి. (ఆ ఊపులో ఘాట్ రోడ్డు మలుపుల్లో రేసర్లలా మోకాలు రోడ్డుకు ఆనించే ప్రయత్నం మాత్రం వద్దు సామీ.)

శుక్రవారం టైమ్ లేకపోతే ప్రాక్టీస్‌లో టాప్ 10 చూసుకుంటే చాలు, వాళ్లు నేరుగా రెండో క్వాలిఫయింగ్‌కి (రేసు మొదట్లో ముందు వరసల్లో ఎవరు నిలబడాలో తేల్చే రౌండ్) వెళ్తారు.