మళ్ళీ ఏ వైరస్సో రాకముందే: వార్తల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంకో మహమ్మారి ఎప్పుడొస్తుందో చెప్పలేం గానీ, వచ్చిన వారంలోనే ఫోన్ల నిండా సలహాలు వచ్చిపడతాయన్నది ఖాయం. మాస్కులూ మందులూ ఎలాగూ తెచ్చిపెట్టుకుంటాం. ఎవరి మాట వినాలో కూడా మనసు నిమ్మళంగా ఉన్న ఇప్పుడే తేల్చుకోండి, భయం పట్టుకున్నాక అంత ఆలోచన సాగదు.

2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒకాయన ఫోన్లో కరోనా వీడియోలు చూసీ చూసీ, తనకున్న మామూలు జబ్బే కరోనా అనుకుని, ఇంట్లోవాళ్ళకి అంటుతుందన్న దిగులుతో ప్రాణం తీసుకున్నారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా బయటపడలేదు, మొదటిది మార్చిలో నెల్లూరులో వచ్చింది. వైరస్ కంటే ముందే వీడియో చేరిపోయింది.

అందుకే మొదటి పని, వార్తలకి టైము పెట్టుకోవడం. రోజుకి ఒకటి రెండుసార్లు చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే చెప్పింది. పడుకునే ముందు మాత్రం వద్దు. టీవీలో అవే అంబులెన్సులు, అవే చితులు రోజంతా తిప్పి తిప్పి చూపిస్తుంటే కొత్తగా తెలిసేదేమీ ఉండదు, టెన్షన్ తప్ప. అలాగని పూర్తిగా కట్టేసి కూర్చోవద్దు, టీకా ఎక్కడ వేస్తున్నారో, నిబంధనలు ఏం మారాయో తెలియకపోతే అదో దిగులు. ఆరోగ్య శాఖ ప్రకటనా, మీ ఒంటి సంగతి తెలిసిన ఒక డాక్టరూ, ఈ రెండూ చాలు.

ఆ డాక్టరు ఎవరో ఇప్పుడే అనుకోండి. 2021లో లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్ళకి సీటీ స్కాన్ అక్కర్లేదని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ చెప్పినా, పక్కింటాయన తీయించుకున్నాడని పరిగెత్తినవాళ్ళు ఎంతమందో. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "స్కోరెంత?" అని అడగడం, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే ఆ అంకె పట్టుకుని రాత్రంతా కుమిలిపోవడం. "ఏం కాదు, ఉత్త జలుబే" అనే మెసేజీ కూడా అంతే ప్రమాదం, అది నమ్మి ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్ళే మనిషి ఉంటాడు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఫార్వర్డులు పంపేది మన మీద ప్రేమతోనే, వాళ్ళని కసురుకోకండి. "డాక్టర్ని అడిగి చెప్తా నాన్నా" అనండి, నిజంగానే అడిగి చెప్పండి. వాట్సాప్ మెసేజీ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారిందని అర్థం, దాన్ని మీ దగ్గరే ఆపేయండి.

అర్ధరాత్రి లేచి మళ్ళీ మళ్ళీ ఆక్సిమీటర్ పెట్టుకోవడం, నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి మొదలైతే ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి, అమ్మానాన్నల ఫోన్లలో కూడా.